ఇర్కా మంచం

చార్నె సరస్సు, జూలై 3

అమ్మా, నేను కులాసా, నన్ను తినే దోమలు ఇంకా కులాసా.

చిన్నపిల్లలు వచ్చేలోపు స్కౌట్ క్యాంపు సిద్ధం చెయ్యాలని మేం పెద్దపిల్లలం నాలుగు రోజులు ముందొచ్చాం కదా. నీడగా ఉంటుందని పెద్ద పైన్ చెట్టు కింద గుడారాలు నేనే వేయించాను. కర్రలు తాళ్ళతో బిగించి చెల్లి ఇర్కాకి మంచం కూడా కట్టాను. ఇంతలో ఫారెస్టు గార్డు మ్రోజెక్ గారు వచ్చి గొడ్డలి వెనకవైపుతో మానును కొట్టి చూశారు. లోపల డొల్ల.

"దీని కింద నా కుక్కని కూడా కట్టెయ్యను. నువ్వు పిల్లల్ని పడుకోబెడతావా తల్లీ?"

"రెండు రోజుల పని పోతుందండీ!"

"పోతే పోనీ."

ఏడుపు మొహాలతో అన్నీ పీకి, చెట్లు లేని చోట మళ్ళీ వేశాం. మర్నాడు గాలికి ఆ చెట్టు కొమ్మ విరిగి, సరిగ్గా ఇర్కా మంచం ఉన్నచోటే పడింది. నీకు రాయకూడదనుకున్నాను. కానీ ఇక్కడ ఎవరో ఒకరు ఇర్కాకి చెబుతారు, అది నీకు నాలుగింతలు చేసి చెబుతుంది.

దానికి గడ్డి నింపుకునే పరుపు గలీబు ఇచ్చి పంపు. రబ్బరు బూట్లు ఒక సైజు పెద్దవి కొను, లోపల రెండు జతల మేజోళ్ళు పట్టాలి. సాసేజీ మాత్రం పెట్టకు, వాసనకి అడవిపందులొస్తాయి. పిల్లి పిల్లల్ని పెట్టిందా? బామ్మ మోకాలు ఎలా ఉంది? ఆవిడ చేతికి నా ముద్దు.

ఇర్కాని పంపడానికి భయపడకు. దాని మంచం మళ్ళీ కట్టి, ఎక్కి గెంతి చూశాను. గుడారం పైన ఆకాశం తప్ప ఇంకేమీ లేదు.

నీ బోగ్నా