అవ్వ ఎక్కని ట్రాం

ఆత్మకూరు,
1953 మే 9

నా బంగారు పిన్నికి,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. బాబాయికి కూడా చూపించకు. నాయనకు ఉత్తరం రాస్తే ట్రాం మాట మాత్రం ఎత్తకు, నీకు దండం పెడతాను.

మద్రాసులో ట్రాములు పోయిన నెలే ఆగిపోయాయని, సెలవులకొచ్చాక నేనిక్కడ చెప్పలేదు. నాయన పేపర్లో వేరుశనక్కాయల ధర తప్ప ఇంకేదీ చూడడు. నన్ను మీ ఇంట్లో ఉంచి ఇంగ్లీషు స్కూల్లో చదివించడానికి అవ్వ ఎందుకు ఒప్పుకుందో నీకు తెలుసుగా. మా ఇంట్లో ఆడవాళ్ళు ఊరు దాటితే మన వైపు మనిషికి అప్పగించి పంపాలి. ఉదయగిరి షావలి మామ మీ ఇంటి దగ్గరి లజ్ సెంటరు నుంచి ట్రాం నడుపుతాడని నన్ను ఆయనకు అప్పగించారు. "బస్సు దానిష్టమొచ్చినట్టు తిరుగుతాది. ట్రాం అట్టగాదు, పట్టాల మీద పోతాది. పిల్లను యాడికీ తీసకపోలేదు" అని అవ్వే నాయనను ఒప్పించింది. ఇప్పుడు ట్రామూ లేదు, మామకు ఉద్యోగమూ లేదు. ఇంట్లో తెలిస్తే నా చదువు ఇంతటితో సరి. ఇంక సిక్స్త్ ఫారం, ఆ ఆఖరి ఏడాది ఒక్కటే మిగిలింది పిన్నీ.

ఇంకొకటి నీకూ చెప్పలేదు. ట్రాములు ఆగిన వారం రాయపేటలో స్కూలుకని బస్సెక్కితే, అది ఎక్కడో మలుపు తిరిగి సైదాపేట చేరింది. కండక్టరు అరవంలో ఏదో అడిగాడు. నాకు అరవం వచ్చు, అయినా నోరు పెగల్లేదు. ఏడ్చుకుంటూ నడిచొచ్చి నీతో స్పెషల్ క్లాసు అన్నాను. అందుకే నా మనసు నాకే తెలియడం లేదు. చదువు మాన్పిస్తారని భయం. మాన్పించకుండా ఆ బస్సుల్లోకి తోస్తారని కూడా భయం. రెండూ ఒక్కసారే ఎలా ఉంటాయి?

రోజూ సాయంత్రం అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ట్రాం సంగతులు చెప్పమంటుంది. మామ కాలితో గంట ఎలా కొడతాడు, పైనున్న కడ్డీ తీగ మీంచి జారిపోతే ఏం చేస్తారు, అన్నీ కావాలి. అది ఇంకా నడుస్తున్నట్టే చెబుతున్నాను. నిన్న ఏమందో తెలుసా? "జూన్లో నేను గూడా నీతో వస్తానుమే. ఒక్కసారి దాంట్లో కూర్చోని చూడాల." మంచి చీర తీసి ఎండలో వేసింది. నేనేం చెయ్యను? వెంటనే రాయి.

నీ ప్రమీల

ఆత్మకూరు,
మే 23

పిన్నీ,

చెప్పేయమని రాశావు. రెండుసార్లు అవ్వ దగ్గరికి వెళ్ళి, తలకు నూనె రాయమని అడిగి వచ్చేశాను. షావలి మామ ఉదయగిరి వచ్చి బస్సుల్లో పని వెతుక్కుంటున్నాడట. అటునుంచి బస్సు వచ్చినప్పుడల్లా గదిలోకి పారిపోతున్నాను. అవ్వేమో ట్రాంలో మామకు ఇవ్వాలని వేరుశనగ ఉండలు చేయిస్తోంది.

ప్రమీల

ఆత్మకూరు,
జూన్ 2

పిన్నీ,

అయిపోయింది. ఏమయిందో నాకింకా సరిగ్గా అర్థం కాలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న పొద్దున షావలి మామ ఇంటి ముందున్న నాయన అంగడికి వచ్చాడు. అవ్వ లోపల్నుంచే కేకేసింది. "ఏరా షావలీ, బండి ఎవురికి ఒప్పజెప్పి వచ్చినావు?"

"యాడ బండవ్వా! ట్రాములు నిలిపేసి రెండు నెలలు కావస్తా ఉండాది. పాప చెప్పలేదా?"

అందరూ నా వైపు చూశారు. పాపం మామ మాట మార్చాలని చూశాడు. "కలిగిరి బస్సు ఓనరు నన్ను నడిపి చూడమన్నాడు సెట్టిగారూ. మలుపొచ్చింది. ట్రాం దానంతటదే తిరుగుతాది గదా, నేను స్టీరింగు పట్టుకోని ఊరికే కూర్చున్నా. కాలేమో గంట కోసం వెతుకుతా ఉండాది. పోయి గడ్డివాములో దూరినా!"

నాయన పగలబడి నవ్వాడు. నా వైపు తిరిగేసరికి మొహం మారిపోయింది. "చాల్లే నీ చదువు. మద్రాసే మనది గాకుండా పోతా ఉండాది, ట్రాం గూడా పోయె. ఇంట్లో ఉండు."

అప్పుడు అంతా చెప్పేశాను, సైదాపేటతో సహా. అవ్వ మామ వైపు తిరిగి అడిగింది. "పట్టాలన్నా ఉండాయా?"

"అవీ పెరికేస్తారంటవ్వా. ఇంక ఊరంతా బస్సులేనంట."

అవ్వ నన్ను చూసింది. "నెల దినాలు లేని బండెక్కించి తిప్పినావు గదే నన్ను."

ఆమె నాయన వైపు తిరిగింది. "ఈ ఏడు, పై ఏడు అనుకుంటా కూర్చున్నా, ట్రాం పోయె. ఆ బస్సులు గూడా తీసేసేలోపల ఎక్కాల. దీని చదువు మాన్పిస్తే నన్నెవురు తిప్పుతారురా? నాకు అరవం రాదు, ఇంగ్లీషు రాదు. నన్ను దీనికి అప్పగించు."

"అది దారి తప్పిన పిల్ల గదమా!"

"తప్పినా ఇంటికొచ్చింది గదరా!"

నాయన లేచి పంచాంగం తీశాడు. పద్నాలుగో తేదీ మేమిద్దరం బయల్దేరుతున్నాం. అవ్వకు నా మీద కోపమో, ప్రేమో, లేక బస్సెక్కాలనే సరదానో నాకు తెలియలేదు. రాత్రి నన్ను పక్కనే పడుకోబెట్టుకుంది గానీ మొహం అటు తిప్పుకుంది.

రాయపేట వెళ్ళే బస్సు నంబరేదో తిరుగు టపాలో రాయి. అవ్వ అడిగితే తెలుసన్నాను.

నీ ప్రమీల