పత్యం లేని మందు

లైబ్రరీ రేవతమ్మకు,
పాలు పోసే గంగాధరం దండాలు పెట్టి రాసేది. పలమనేరొచ్చే పాలవ్యానులో మా పనోడు ఢిల్లీబాబు చేతికిచ్చి పంపుతుండాను. నాకు కోపం జాస్తి. మూన్నెల్ల కింద మా ఇంటామె రాఘవమ్మ ఏదో పుస్తకంలో పడి పాలు పొంగబెట్టింది. వీధంతా వినేట్టు అరిసినాను. ఆ పూటే సత్యవేడులో కూతురింటికి పోయింది. నా కోపం తగ్గితేనే వస్తాదంట. ఆమె లేక ఇల్లు ఇల్లుగా లేదు. జబ్బును బట్టి మీరు పుస్తకం ఇస్తారంట కదా, పంపండి.
ఇట్లు, గంగాధరం
తా.క.: పత్యం కూడా రాయండి.

గంగాధరం గారికి,
నమస్తే. నేను డాక్టర్ని కాదు. మనిషిని బట్టి పుస్తకం వెతికివ్వడం వరకే నా పని. నవ్వించే నవల పంపుతున్నాను. పద్నాలుగు రోజుల్లో తిరిగివ్వాలి.
రేవతి
తా.క.: పత్యం లేదు.

రేవతమ్మకు,
పత్యం లేని మందు యాడన్నా ఉంటుందా? మీరు రాసేదానికి మొహమాటపడినారని నేనే చింతపండు, వంకాయ, ఎండుచేప మానేసినాను. పొద్దున రెండు పేజీలు, సాయంత్రం రెండు, తిన్నాక. సప్పిడి కూడు తిని కోపం రెండింతలైంది. నిన్న ఢిల్లీబాబును క్యాను మూత ఎత్తి కొట్టినాను. మోతాదు పెంచండి.
గంగాధరం
తా.క.: నూటపన్నెండో పేజీ దాకా పసుపు వేలిముద్రలు, ఆ పైన తెల్లగా ఉండాది. సగంలో ఇడిసిపెట్టిన ఆ గలీజు మనిషి ఎవురు?

గంగాధరం గారికి,
ముందు కడుపునిండా పులుసన్నం తినండి. తర్వాత ఎవరినైనా కూర్చోబెట్టి పైకి చదివి వినిపించండి. గడువు మాత్రం దాటించకండి, ఆ పుస్తకం ఇంకొకరు అడుగుతున్నారు.
రేవతి
తా.క.: ఢిల్లీబాబు నుదుటి మీద బొప్పి చూశాను. పాపం, వంటల పుస్తకం అడిగితే ఇచ్చాను.

రేవతమ్మకు,
పులుసు పడినాక ప్రాణం లేచొచ్చింది. నాటుమందు సంగతి నలుగురికీ తెలిస్తే పనిచెయ్యదు కదా, అందుకే ఆవుకు చదివినాను. నవ్వి నవ్వి చెంబెడు పాలు నేనే ఒలకబోసినాను. ఎవురి మీదా కోపం రాలేదు. ఇప్పుడు చదవందే ఆవు పాలు చేపడంలేదు. మందన్నాక మండలం తినాల, నలభై ఎనిమిది రోజులు. పుస్తకం ఇయ్యను. ఆ ఇంకొకరిని ఆగమనండి.
గంగాధరం
తా.క.: ఆ మనిషికి ఏం జబ్బంట?

గంగాధరం గారికి,
ఆమెకు జబ్బేమీ లేదు. సగం చదివేసరికి పాలు పొంగాయి. ఊరు వెళ్తూ వెళ్తూ బస్టాండు దారిలో పుస్తకం నాకిచ్చి పోయింది. మిగతా సగం కావాలని సత్యవేడు నుంచి ఫోన్ చేస్తూనే ఉంది. పేరు చెప్పమని ఆమే అంది, కానీ మీకిక చెప్పనక్కర్లేదు.
రేవతి
తా.క.: పసుపు చేతులు ఎవరికి వండి పెట్టినవో ఆలోచించండి.

రేవతమ్మకు,
సత్యవేడు నుంచి రాస్తుండాను. మూడు రోజులుగా నేను సదువుతాంటే రాఘవమ్మ వింటా ఉండాది. ఈ పొద్దు పొయ్యి కాడ నన్ను కాపలా పెట్టి పూలు కోసేదానికి పోయింది. కథలో పడి నేను పాలు పొంగబెట్టినాను. ఆమె వచ్చి చూసింది. “అరుసు, ఇప్పుడు అరుసు సూద్దాం” అనింది. తప్పైపోయిందన్నాను. పెళ్లైనాక ఆ మాట వినడం ఇదే మొదలంట. రేపు బస్సుకు ఇద్దరం వస్తుండాము.
గంగాధరం
తా.క.: నేను లేనప్పుడు ఢిల్లీబాబు ఆవుకు వంటల పుస్తకం సదివినాడంట. తన్నింది. రెండో పక్క కూడా బొప్పి కట్టిందంట.