చెయ్యి వదిలితే మార్కులు పోతాయి

కోరుట్ల,
నవంబర్ 2021

దశరథ బావకు, నీ బామ్మర్ది పరమేశ్వర్ కోపం మీద రాసేది.

ఫోన్ల రెండు ముక్కలకే పెట్టేస్తవ్, అందుకే ఉత్తరం. మన విజేత పెండ్లి ఫొటో నాకు ఎవరు చూపిచ్చిన్రో ఎరుకనా? సూరత్‌ల మగ్గాలు బందైతే ఇంటికొచ్చిన తిరుమల! పిల్ల ఒంటి నిండ తళుకుల బట్టలు. పక్కకు ఎవడో పోరడు, చెయ్యి పట్టుకొని. ఇద్దరి మెడల ఏవో ఏలాడుతున్నయి. ముందట మాస్కులు పెట్టుకున్న జనం.

ఇంట్ల చావైతే ఏడాది లోపల ఆడపిల్ల పెండ్లి చెయ్యాలె, లేకుంటే మూడేండ్లు ఆగాలె. అక్క పోయి ఇంక ఏడాది నిండలే. చేసినవ్, మంచిది. కని మేనమామ లేకుంటనా? పిల్లను పందిట్లకు ఎత్తుకొచ్చినోడు ఎవడు? కరోనల గూడ యాభై మందికి పర్మిషన్ ఉండె గద, అండ్ల నేనొక్కన్ని పట్టకపోతినా?

ఇంక నీ బామ్మర్దినే అనుకుంటున్న,
పరమేశ్వర్

తా.క.: పెండ్లికొడుకుకు అంత బిగుతు ప్యాంటేంది? సూరత్‌ల గూడ బట్టకు కరువొచ్చిందా?

*

సూరత్,
నవంబర్ 2021

పరమేశ్వర్‌కు ఆశీస్సులు.

పెళ్లి జరగలేదు. అది ఐస్ డాన్స్. బూట్ల కింద బ్లేడ్లు కట్టుకుని ఇద్దరు జంటగా మంచు మీద ఆడే పోటీ. మెడలో ఉన్నవి పతకాలు. ఆ అబ్బాయి అనీష్. ఇక్కడే వడోద్ పేటలో టిఫిన్ సెంటర్ నడిపే హైమవతి గారి కొడుకు. చిన్నప్పటి నుంచీ ఇద్దరూ ఒక జోడీ. డిసెంబర్‌లో జాతీయ పోటీ ఉంది. ఇదివరకు మీ అక్క స్కూటర్ మీద సాధనకు తీసుకెళ్లేది. ఇప్పుడు నేను తీసుకెళ్తున్నాను.

నన్ను ఏమైనా అను. కూతురి పెళ్లి దొంగచాటుగా చేసే మనిషినని మాత్రం అనకు.

ఉంటాను,
దశరథ

తా.క.: ఈ ఆటలో చెయ్యి ఎక్కువసేపు వదిలితే మార్కులు పోతాయి. ఆ నిబంధన నేను పెట్టలేదు.

*

కోరుట్ల

బావా, దండాలు. కోపం తగ్గలే, పెరిగింది.

సూరత్‌ల మంచా? ఎవనికి చెప్తున్నవ్? చెయ్యి ఇడిస్తే మార్కులు కోసుడేంది? మన దిక్కు చెయ్యి పట్టుకుంటెనే గద కోసేది!

సరే, ఆటనే అనుకుందాం. జోడీ కావాలంటే మేనరికం లేదా? నా కొడుకు ఓంకార్ సచ్చిండా? మొదటి హక్కు వానిది. వాన్ని రైలెక్కిస్త, పది దినాల్ల నేర్పియ్యి. తిరుమల తాన నంబర్ పట్టి ఆ పోరనికి ఫోన్ గూడ చేసిన. ఇంటిపేరు అడిగిన, గోత్రం అడిగిన, పెట్టేసిండు. మళ్ల చేసిన. "మా పిల్ల చెయ్యి ఇడువు" అన్న.

హక్కున్నోన్ని గనుకనే రాసిన,
పరమేశ్వర్

తా.క.: ఓంకార్ కాలు తొమ్మిదో నంబర్. డీజే ముంగట వాడు మస్తు ఆడుతడు.

*

సూరత్,
డిసెంబర్ 2021

పరమేశ్వర్‌కు,

ఓంకార్‌ను పంపకు.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. విజేతకూ అనీష్‌కూ మాటల్లేవు. ఒకసారి పోటీలో ఇద్దరూ పడ్డారు. తప్పు ఎవరిదో తేలలేదు. అప్పటి నుంచి చేతులు పట్టుకుంటారు, నవ్వుతారు, ఆట అవగానే చెరో దిక్కు చూస్తారు. ఒకరి మాట ఇంకొకరికి మీ అక్క మైథిలి మోసేది. "ఆంటీ, మోచెయ్యి ఎత్తమని ఆమెకు చెప్పండి" అనేవాడు అనీష్, విజేత పక్కనే నిలబడి. మైథిలి అందులో ముల్లు తీసి అందించేది. నాకు అది చేతకాదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. జోడీ తెగిపోయే దాకా వచ్చింది.

నీ ఫోన్ తర్వాత అనీష్ రావడం మానేశాడు. విజేత ఒక్కతే చెయ్యి గాల్లో పెట్టి తిరుగుతోంది. మీ అక్క నాకు వదిలిపోయిన పని ఇదొక్కటి. దాన్నీ చెడగొట్టావు.

దశరథ

తా.క.: సూరత్‌లో మంచు లేదు, నిజమే. ఊళ్లోనే గోడాదరా పేటలో మూతపడ్డ మగ్గాల షెడ్డులో చక్రాల బూట్లతో సాధన చేస్తారు. మంచు కోసం ఢిల్లీ దాకా పోవాలి. ఓంకార్ ఒంటికాలి మీద వెనక్కి జారగలడా అని విజేత అడిగింది.

*

కోరుట్ల

బావా,

నాకేం ఎరుక? నువ్వు నోరు తెరిస్తే గద! నేను చెడగొట్టింది నేనే బాగుచేస్త అని మళ్ల ఫోన్ కొట్టిన. జర మర్యాదగనే చెప్పిన. "బిడ్డా, తప్పు నీది గాదు. పడేసింది మా పిల్లనే అయ్యుంటది. మొండిది, దానికి కాళ్లు ఒక తాన నిలువయి" అన్న. గింతకంటె మంచిగ ఎవడు మాట్లాడుతడు?

వాడు నన్ను తిట్టిండు! సగం హిందీల, సగం గుజరాతీల. "ఆమె కాళ్ల గురించి నీకేం తెలుసు" అన్నడట. తిరుమలతోని అర్థం చెప్పిచ్చుకున్న. నా అక్క బిడ్డను నేను అంటే వానికెందుకు మంట?

న్యాయం నువ్వే చెప్పు,
పరమేశ్వర్

తా.క.: ఓంకార్ ఒంటికాలి మీద ప్రయత్నం చేసిండు. కట్టు కట్టిచ్చినం.

*

సూరత్,
జనవరి 2022

పరమేశ్వర్‌కు ఆశీస్సులు.

నీ ఫోన్ పెట్టేసి అనీష్ నేరుగా మా ఇంటికి వచ్చాడు. నేను తలుపు తీశాను. నన్ను దాటి లోపలికి చూసి, "మీ మామ నిన్ను మొండిదన్నాడు" అన్నాడు. విజేత "ఎవడు వాడు నన్ను అనడానికి" అంది. వాళ్ల మధ్య మళ్లీ మొదలైన మాటలు అవి. ఇద్దరూ గుమ్మంలోనే నిలబడి నిన్ను చాలాసేపు తిట్టారు. నేను అడ్డు రాలేదు. టీ పెట్టాను.

పోటీలో నాలుగో స్థానం వచ్చింది. తిరుగు రైల్లో మోచెయ్యి గురించి సూరత్ దాకా పోట్లాడుకున్నారు, నేరుగా. నన్ను ఏదీ చెప్పమనలేదు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. మీ అక్క ఉంటే ఆమెకూ పని ఉండేది కాదు.

నీ మీద కోపం అలాగే ఉంది. ఓంకార్ కాలు జాగ్రత్త.

మీ అక్క తరఫున కూడా,
దశరథ

తా.క.: మార్చిలో ఇంకో పోటీ ఉంది. ముందురోజు తప్పకుండా ఫోన్ చేసి, ఇద్దరినీ సమానంగా తిట్టమని వాళ్లు నిన్ను కోరుతున్నారు.