జువాలజీ సీటుకి ధర పెరిగేదాకా

నల్లపాడు,
జూన్ 8.

పెదనాన్నకి శ్రీరమ్య నమస్కారాలు.

ఫోన్లో నీకు వినపడదు, నేను అరిస్తే హాస్టల్లో వాళ్ళంతా తలుపులు తీసి చూస్తున్నారు. పెదమ్మకి చెబితే సగం మర్చిపోతుంది. అందుకే మిర్చి తోలే ఖాదర్ వలి వ్యానులో ఉత్తరం పంపుతున్నాను.

పోయినేడు నాకు ఫిజియోథెరపీ సీటు రాలేదు కదా. నేను పనిచేసే క్లినిక్‌లో నస్రత్ మేడం ఇంకో దారి చెప్పారు. ముందు సైన్సు మేజర్‌తో డిగ్రీ చేస్తే, తర్వాత ఇంగ్లండులో రెండేళ్ళు ఫిజియోథెరపీ చదవొచ్చట. కెమిస్ట్రీయా, సైకాలజీయా అని నెల రోజులు కొట్టుమిట్టాడి, ఒంటి సంగతి ఎక్కువ చెప్పేది జువాలజీయేనని తేల్చుకున్నాను. ఇక్కడి కాలేజీవాళ్ళు సీటిచ్చారు. ఇరవయ్యో తారీకులోగా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వాలి. నాన్న పోయిన దగ్గర్నుంచీ నా కాగితాలన్నీ నీ బీరువాలోనే కదా ఉండేది. ఖాదర్ వలికి ఇచ్చి పంపు.

ఇట్లు,
శ్రీరమ్య

తా.క.: ఫిజియోథెరపీ అంటే మాలీషు కాదని పెదమ్మకి చెప్పు. ఊళ్ళో నడుం నొప్పులవాళ్ళు నలుగురు అప్పుడే నా నంబర్ అడిగారట.


దాచేపల్లి,
జూన్ 11.

చి. శ్రీరమ్యకు పెదనాన్న యలమంద దీవించి రాసేది.

ఉత్తరం అందింది. జువాలజీ మంచిదే గానీ, అమ్మాయ్, నీకు బేరం తెలియదు. కోసిన మిరపకాయని ఆ వారమే మిర్చి యార్డుకి తోలినవాడు బాగుపడటం ఎక్కడన్నా చూశావా? మన పక్క చేను దానయ్యని చూడు, ఏటా తొందరపడతాడు, ఏటా ఏడుస్తాడు. ధర పెరిగేదాకా సరుకు ఏసీ గోడౌన్లో పెట్టి కూర్చోవాలి. కొనేవాడే వస్తాడు.

ఈ వారంలో మనింటికి మూడు కాలేజీలవాళ్ళు వచ్చారు, పిల్లని మా కాలేజీలో చేర్చమని. మొదటాయన బస్సు ఫ్రీ అన్నాడు. రెండో ఆయన యూనిఫాం కూడా అన్నాడు. మూడో ఆయన మీ పెదమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి కుక్కర్ ఇచ్చిపోయాడు. రోజుకో మెట్టు ఎక్కుతున్నారు. మీ కాలేజీవాడు మాత్రం ఇంకా గడప తొక్కలేదు. పెద్ద వ్యాపారి ఎప్పుడూ ఆఖర్నే వస్తాడు. ఇరవయ్యో తారీకు అన్నవాడు ఇరవై అయిదో తారీకుకి కాళ్ళబేరానికి దిగుతాడు. కాగితాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
నీ పెదనాన్న

తా.క.: కుక్కర్ తిరిగి ఇవ్వలేదు. సీటు వద్దన్నాం గానీ కుక్కర్ వద్దనలేదు.


నల్లపాడు,
జూన్ 14.

పెదనాన్నకి నమస్కరించి శ్రీరమ్య రాసేది.

ఇది మిర్చి కాదు పెదనాన్నా. మా కాలేజీవాళ్ళు ఎవరింటికీ రారు, వాళ్ళకి ఆ అవసరం లేదు. ఉన్నవి నలభై సీట్లు, బయట ఇంకో అరవై మంది కాచుక్కూర్చున్నారు. ఇరవై దాటితే నా సీటు వాళ్ళలో ఒకరిది. నా బతుక్కి ఇదొక్కటే దారి కనిపిస్తోంది. నీకు దణ్ణం పెడతాను, పంపు.

ఇట్లు,
శ్రీరమ్య

తా.క.: కుక్కర్ ఇచ్చేయండి. పరువు పోతుంది.


దాచేపల్లి,
జూన్ 17.

చి. శ్రీరమ్యకు ఆశీస్సులు.

అరవై మంది కాచుక్కూర్చున్నారా? ఈ ముక్క ముందే చెప్పవేం? అంత గిరాకీ ఉన్న సరుకు చేతిలో పెట్టుకుని నువ్వు వణుకుతావేమిటి. ఇప్పుడు అమ్మేస్తే నన్ను చూసి దానయ్య నవ్వుతాడు. మీ నస్రత్ మేడం గారిని ఒకసారి కాలేజీకి వెళ్ళి, అవతలివాళ్ళు కుక్కర్ దాకా వచ్చారని మెల్లిగా చెవిన వెయ్యమను. గాభరా పడకు, నేనున్నాను.

ఇట్లు,
పెదనాన్న

తా.క.: జువాలజీ మీద బోటనీ కొసరు వేస్తారేమో కనుక్కో.


దాచేపల్లి,
జూన్ 22.

శ్రీరమ్యా,

దీవెనలు రాసే మొహం నాకు లేదు. ఇరవై వెళ్ళిపోయింది, ఎవరూ రాలేదు. నిన్న నీకు చెప్పకుండా కాగితాలు తీసుకుని కాలేజీకి వచ్చాను. కౌంటర్లో అమ్మాయి జాబితా చూసి, నీ సీటు ఇరవయ్యో తారీకు సాయంత్రమే వేరేవాళ్ళకి ఇచ్చేశామంది. నేను బేరం ఎత్తుకున్నాను. ఆ పిల్ల నవ్వలేదు, విసుక్కోలేదు. "కూర్చోండి తాతగారూ" అని మంచినీళ్ళు ఇచ్చింది. ఆ నీళ్ళు తాగుతుంటే తెలిసింది, ఎంత పని చేశానో. నీ గది దాకా కాళ్ళు రాక స్టేషన్లోనే కూర్చుని రైలెక్కేశాను.

ఒక నిజం చెబుతాను. ముప్పై ఏళ్ళుగా కాయ ఏసీలో పెడుతున్నాను. ఆగినందుకు కలిసొచ్చింది ఒక్క ఏడాదే. ఊళ్ళో నేను చెప్పుకునేది ఆ ఒక్క ఏడాది గురించే. నీ దారికి అడ్డం పడ్డాను. క్షమించు తల్లీ.

ఇట్లు,
యలమంద

తా.క.: మీ పెదమ్మ కుక్కర్ తిరిగి పంపేసి నన్ను తిట్టటం మొదలుపెట్టింది. నా చెవులకి వినపడాలని కాస్త గట్టిగానే తిడుతోంది. వీధి చివరి దాకా అందరికీ విషయం తెలిసింది.


నల్లపాడు,
జూన్ 27.

పెదనాన్నా,

నన్ను క్షమించమని నువ్వు రాసిన కాగితం నాలుగుసార్లు చదివాను. ఇది రాయకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

పద్దెనిమిదో తారీకు నేను క్లినిక్‌లో సెలవు పెట్టి బస్సెక్కాను. దాచేపల్లి బస్టాండులో దిగాను. అక్కణ్ణుంచి మనిల్లు పది నిమిషాల నడక. నేనొచ్చి ఎదురుగా నిలబడితే నువ్వు బేరాలన్నీ మర్చిపోయి బీరువా తీస్తావని నాకు తెలుసు.

కానీ కాగితాలు చేతికొచ్చాక చదవాల్సింది నేను. పోయినేడు సీటు రానిరోజు ఇంట్లో అందరూ "పర్లేదులే" అన్నారు చూడు, ఆ మాట మళ్ళీ వినలేననిపించింది. చేరి ఫెయిలయ్యేకంటే, మా పెదనాన్న పంపలేదు, అందుకే చేరలేదు అని చెప్పుకోవటం తేలిక. బెంచీ మీద గంటసేపు కూర్చుని, తర్వాతి బస్సులో నల్లపాడు తిరిగొచ్చేశాను. సీటు నువ్వు పోగొట్టలేదు పెదనాన్నా. నేను పోనిచ్చాను.

ఇదంతా నస్రత్ మేడంకి చెప్పాను. "ఏ మేజర్ అన్నది వచ్చే ఏడు చూద్దాం, ముందు ఇంటికి రాయి" అన్నారు.

ఇట్లు,
శ్రీరమ్య

తా.క.: ఈ ఉత్తరం పెదమ్మకి చదివి వినిపించు. వారంగా నువ్వు తింటున్న తిట్లలో సగానికి పైగా నావి.