రెండు సింహాల తెర

బేష్‌బాలిఖ్,
హిజ్రీ 621, సఫర్ నెల, బుధవారం.

నా కంటివెలుగు అన్నయ్య ఫైరూజ్‌కు తమ్ముడు హుమామ్ సలాములు. అమ్మ చేతులు నా తరఫున కళ్ళకద్దుకో. వదినకూ, పుట్టిన బిడ్డకూ నా దువా చెప్పు. కొడుకో కూతురో తెలియక రెండు పేర్లూ ఆలోచించి పెట్టుకున్నాను.

ఇవాళ్టి మొదటి వింత ఇది. లేవగానే ఉయ్ఘూర్ గుమాస్తా బుయాన్ మా కొట్టంలోకి వచ్చి నా ముందు కాగితం, కలం, సిరాబుడ్డి పెట్టాడు. హెరాత్ విడిచాక కాగితం ముట్టుకోవడం ఇదే మొదలు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. మా మగ్గం మీద నేసే గియాస్ అది చూసి, "తినకురా, రాయడానికిచ్చారు," అన్నాడు. అందరూ నవ్వారు. ఎందుకిచ్చారో తెలిశాక ఎవరూ నవ్వలేదు.

రేపు ఒక బిడారు హెరాత్ వైపు బయలుదేరుతోంది. అక్కడ మిగిలిపోయిన నేతగాళ్ళను వాళ్ళ బంధువుల చేత ఉత్తరాలు రాయించి ఇక్కడికి రప్పించాలని మంగోలు అధికారి ఆజ్ఞ. మా జట్టులో అలాంటి బంధువు ఉన్నది నాకొక్కడికే.

అన్నయ్యా, మా ప్రాణాలు నీ చేతిలో ఉన్నాయి. ఖాన్ డేరా లోపలికి జరీ తెర నేయమన్నారు. మళ్ళీ మంచు పడేలోగా అందాలి. నాన్న నేసిన రెండు సింహాల తెరలాంటిదే కావాలట. అధికారి దాన్ని మన కోటలో చూశాడట, ఇప్పటికీ కలలోకి వస్తుందట. మమ్మల్ని పదిమందిని కలిపి ఒక జట్టు కట్టారు. ఇక్కడ ఒకడు పారిపోతే పదిమంది మెడలూ పోతాయి. పని చెడినా అంతే. ఈ సంగతి రాయవచ్చా అని బుయాన్‌ని అడిగాను. రాయమన్నాడు, అప్పుడైతే నువ్వు త్వరగా వస్తావట.

ఆ సింహాల అల్లిక తెలిసినవాళ్ళు ఇద్దరే మిగిలారు, ఉస్తాద్ షమ్స్, నువ్వు. ఉస్తాద్ కళ్ళు దారిలో మంచు మీది ఎండకు పాడయ్యాయి. పడుగు దారాలను వేళ్ళతో తడుముతూ అల్లికను పాటలా చెబుతారు. నేను మగ్గం పైన కూర్చుని, ఆయన చెప్పిన దారాలను లేపే తాళ్ళు లాగుతాను, కింద గియాస్ నాడె విసురుతాడు. సింహం మెడ దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ తప్పిపోతుంది. విప్పుతాం, మళ్ళీ మొదలు. విప్పిన ప్రతిసారీ జరీ కొంత తెగి పాడవుతుంది. నిన్న ఉస్తాద్ వేళ్ళు దారాల మధ్యే ఆగిపోయాయి. పొద్దువాలేదాకా అలాగే కూర్చుండిపోయారు.

విప్పి విప్పి నేసిన ఒక సింహం ఫరవాలేదు. రెండోది జ్వరం వచ్చిన కుక్కలా ఉందని పక్క మగ్గం ఖితాయి అత్త అంది. ఆమె పేరు ల్యూ. ఆమెనూ చీనా దేశంలోని తన ఊరి నుంచి మాలాగే తోలుకొచ్చారు. సగం ఉయ్ఘూర్ మాటలతో, సగం చేతులతో మాట్లాడుకుంటాం. నేను ఆమెకు మన మాటలిచ్చి ఆమె మాటలు పుచ్చుకుంటున్నాను. పట్టును 'సి' అంటుంది. చలిలో పళ్ళ సందు నుంచి వదిలిన ఊపిరిలా లేదూ? మెడ మీద కత్తి ఉన్నా కొత్త మాట దొరికితే రోజంతా నాలుక మీద పెట్టుకుని తిరుగుతాను. సిగ్గుగానే ఉంటుంది.

నేను రాస్తుంటే ఒక్కొక్కరూ వచ్చి తమ మాట కలపమంటున్నారు. నువ్వు వస్తే పులుసులో తన వాటా మాంసం నీదేనని గియాస్ రాయమన్నాడు. ఒకాయన తన కూతుళ్ళ పేర్లు చెప్పి, అంతే చాలన్నాడు. తూబా, మాహ్‌రూ. ఇంకొకాయన నా మోకాలు పట్టుకుని కూర్చున్నాడు, ఇప్పటికీ వదల్లేదు.

నీకు ఇల్లు, కట్టెలు, బట్టలు ఇస్తామని రాయమంటున్నాడు బుయాన్. వదిననూ బిడ్డనూ తెచ్చుకోవచ్చట. దారిలో గుర్రాలు వాళ్ళవేనట. నాకు రాయడం కష్టమైన మాట లేదనుకునేవాణ్ణి. ఇవాళ 'రా' అని రాయడానికి కలాన్ని మూడుసార్లు సిరాలో ముంచాను. అన్నయ్యా, రా.

నీ దారి చూస్తూ,
తమ్ముడు హుమామ్

తా.క.: రావద్దు.

పైదంతా బుయాన్ నా భుజం పక్కన ఉండగా రాశాను. చదివి, తల ఊపి, మడిచి ముద్ర వేయమని చెప్పి భోజనానికి వెళ్ళాడు. సిరాబుడ్డికి మూత పెట్టలేదు. మరచిపోయాడో, మరచినట్టు వెళ్ళాడో తెలియదు.

ఇలాంటి ఉత్తరమే అందుకుని బల్ఖ్ నుంచి ఒక నేతగాడు కుటుంబంతో వచ్చాడు. అతన్ని మగ్గానికి, భార్యను వేరే ఊరికి, పిల్లవాణ్ణి గొర్రెల వెంట పంపారు. మళ్ళీ వాళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు.

ఇంకొకటి నీకు తెలిసిందే, ఈ అధికారులకు తెలియనిది. నేను నేతగాణ్ణి కాను. హెరాత్ కోట తలుపు దగ్గర మంగోలులు నేతగాళ్ళు ఇటు రండి అన్నప్పుడు, మదరసాలో కలం తప్ప పట్టని నన్ను ఉస్తాద్ తన వరుసలోకి లాగి, వీడు నా మగ్గం మీద తాళ్ళు లాగేవాడని చెప్పారు. సింహం మెడ తప్పుతున్నది ఆయన కళ్ళ వల్ల కాదు. ఆయన సరిగ్గానే చెబుతున్నారు. అంత వేగంగా అన్ని తాళ్ళు నా చేతులు అందుకోలేవు. ఆయన ఆ తప్పు తన కళ్ళ మీద వేసుకున్నారు. నన్ను దించి ఇంకొకరిని ఎక్కిస్తే అబద్ధం బయటపడుతుంది, పదిమందీ పోతారు.

ఇందాక బుయాన్ వెళ్ళగానే ఉస్తాద్ నా చెవి దగ్గరికి వంగారు. "వాళ్ళు రాయమన్నది రాశావుగా. ఇప్పుడు నీ మాట రాయి. మా పేరు చెప్పి వాణ్ణి ఇక్కడికి లాక్కురావద్దురా," అన్నారు. "మరి మీరంతా?" అన్నాను. "మేం ఎలాగూ వచ్చేశాం కదరా," అన్నారు.

మిగిలినవాళ్ళకు ఇది తెలియదు. గియాస్ తన దుప్పటి పక్కన నీకు చోటు సర్దుతున్నాడు. నేను అటు చూడకుండా రాస్తున్నాను.

నేను నేతగాణ్ణి కానన్న నిజం ల్యూ అత్తకు మాత్రం చెప్పాను. తన దేశపు పొడుగుతోక పక్షిని మన జరీ మీద నేద్దామంది. దాని రెక్కలో ఒకే వరుస మళ్ళీ మళ్ళీ వస్తుందట. "గాడిద కూడా లాగగలదు, నువ్వు నేర్చుకో," అంది. ఆమె మాకు సాయపడిందని అధికారికి తెలిస్తే ఆమె జట్టుకూ మా గతే పడుతుంది. ఏ రాజు డేరాలోనూ లేని తెర ఇదని అధికారికి ఉస్తాద్ చెబుతారట. వాడు సింహాలే కావాలంటే ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

అమ్మతో నేను బాగున్నానని చెప్పు. ఈ కాగితం కాల్చేసి, అందరినీ తీసుకుని పై కొండల్లోకి వెళ్ళిపో.

రేపు పొద్దున ఈ ఉత్తరంతో బిడారు ఇక్కడి కోట తలుపు దాటేదాకా చూస్తాను. దాటగానే సింహాలను కత్తిరించి పక్కన పెట్టి, మగ్గం పైకెక్కుతాను. ఖితాయి అత్త కింద నుంచి తన భాషలో చెబుతుంది. నేను ఆ మాటలకు తాళ్ళు లాగుతాను.