ఇద్దరు వెంకటరమణలు

నాయనకు, సుజాత మొక్కి రాసేది.

నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను, అమ్మకు కూడా గట్టిగా చెప్పు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నూనె రాస్తున్నావా, లేక అమ్మతో చెప్పించుకుంటూనే ఉన్నావా? అవ్వ కంట్లో చుక్కల మందు ఎవరు వేస్తున్నారు?

తిరుపతిలో ఎండలు అప్పుడే మొదలయ్యాయి. పలమనేరు చలికి అలవాటుపడిన ఒళ్ళు కదా, మధ్యాహ్నానికి వాడిపోతున్నాను. మెస్సులో సాంబారు నీళ్ళలా ఉంటుంది. అమ్మ చెనక్కాయల పొడి కొడితే మన బస్సు కండక్టరు చేతికిచ్చి పంపించు.

కిందటిసారి మెడిసిన్ సీటు రాలేదని ఏడుస్తుంటే నువ్వే అన్నావు కదా, "ఒక ఏడాది ఆస్పత్రిలో పని చేసి సూడు. నీతో అయితే మళ్ళా పరీక్ష రాయి, కాకపోతే చిత్తూరులో బీఎస్సీ చేరు" అని. ఉగాదికల్లా ఏదో ఒకటి తేల్చమన్నావు. పోయిన వారం దాకా నాకే తెలియలేదు.

జరిగింది దాచకుండా రాస్తాను, కోప్పడకు. మా నర్సింగ్ హోమ్‌కు కొండ దిగి వచ్చే యాత్రికులే ఎక్కువ. ఆ రోజు పక్కపక్క మంచాల్లో ఇద్దరు పెద్దమనుషులు. ఇద్దరికీ గుండు, గుండు నిండా గంధం. ఇద్దరి పేరూ వెంకటరమణే. ఒకాయనకు జ్వరం, ఇంకొకాయనకు చక్కెర వ్యాధి. డాక్టరమ్మ రాసిన కేసు షీట్లు తెచ్చి మంచాలకు తగిలించడం నా పని. పేరు చూసి, గుండు చూసి, తగిలించేశాను.

కాసేపటికి దుప్పట్లు మారుస్తుంటే కిటికీ పక్కాయనకు ఆయన భార్య లడ్డు తుంచి ఇచ్చింది. ఆయన కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టి, "నువ్వు తినమ్మా, నాకు చక్కెర ఉండాది గదా" అన్నాడు. ఆయన మంచానికున్న షీటులో జ్వరం అని ఉంది. షీట్లు తారుమారు చేసేశాను నాయనా. తిరిగి చూస్తే రాజేశ్వరి సిస్టరు ఇన్సులిన్ సూది పట్టుకుని జ్వరం ఆయన చొక్కా చెయ్యి పైకి మడుస్తోంది. "అక్కా, ఆగు! ఆయన కాదు!" అని వార్డంతా అదిరేలా అరిచాను. లడ్డు ఎక్కడ పడిందో తెలియదు.

సూది గుచ్చలేదు నాయనా. తలుచుకున్నప్పుడల్లా దేవుడికి దండం పెట్టుకుంటున్నాను.

సిస్టరు మెల్లగా, "షీట్లు మార్చేయ్ పాపా, నేను ఎవురికీ చెప్పను" అంది. ఒక్క నిమిషం ఆశ పుట్టింది. కానీ మనసు ఒప్పుకోక డాక్టరమ్మ గదికి పోయి నేనే చెప్పేశాను. ఇంటికి పొమ్మంటుందనే అనుకున్నాను. ఆమె చాలాసేపు తిట్టింది. తిట్టి తిట్టి, "ఈ ఊర్లో పేరొకటే అడిగితే సాలదమ్మా. నాయన పేరు, ఊరి పేరు కూడా అడుగు. పో, పని సూసుకో" అంది. పని సూసుకోమంది నాయనా! మెట్ల కింద నిలబడి, భారం దిగేదాకా ఏడ్చాను.

మర్నాడు షీటు పట్టుకుని వెళ్తే, నేను నోరు తెరవకముందే చక్కెర ఆయన, "వెంకటరమణ, మా నాయన మునెప్ప, ఊరు పీలేరు, జబ్బు చక్కెర!" అని అప్పజెప్పాడు. వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఇక్కడికి వచ్చాక మొదటిసారి.

అవ్వకు, చిన్నాయనకు నా నమస్కారాలు. తమ్ముణ్ణి ఎండలో తిరగనివ్వొద్దు.

ఉగాది దాకా ఆగలేక ఇప్పుడే చెబుతున్నాను. బీఎస్సీ మాట ఇక వద్దు. నాకు ఇంకా భయంగానే ఉంది. అయినా పరీక్ష రాస్తాను. సరేనని ఒక్క కార్డు ముక్క రాయి నాయనా.

నీ కూతురు,
సుజాత