నా తల కొలతలు

ఇర్వింగ్,
మార్చి 9

నా బంగారు చెల్లి నవోమికి,

వందనాలు. ఫోన్‌లో అయితే ఏడుపొస్తుంది, అందుకే రాస్తున్నాను.

పోయిన నెల ఇండియన్ స్టోర్ నుంచి కార్ నడుపుకుంటూ ఇంటికొస్తూ దారి తప్పాను. పదిహేనేళ్లుగా తిరుగుతున్న దారే. మీ బావ భయపడి న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లారు. ఎమ్మారై తీశారు. ఇప్పుడు కంప్యూటరే మెదడులో ఒక్కో భాగాన్నీ కొలిచి అంకెలిస్తుందట. జ్ఞాపకాలు నిలిపే భాగం, హిప్పోకాంపస్, నాది బాగా చిక్కిపోయిందట. నా వయసు వాళ్లని వందమందిని నిలబెడితే నేను కింద నుంచి నాలుగోదాన్ని.

ఈ మాట డాక్టర్ నాతో చెప్పలేదే! పక్కనున్న మీ బావతో చెప్పాడు, నేనేదో కుర్చీలో పెట్టిన హ్యాండ్‌బ్యాగ్‌ని అయినట్టు. సరే, అదీ ఓర్చుకున్నాను. కానీ మీ బావ నాకు తెలీకుండా పాస్టర్‌గారికి ఫోన్ చేసి, "ప్రిస్సిల్లాకి అల్జీమర్స్. క్వయర్ క్రిస్టీకి అప్పజెప్పండి" అన్నారట. ఆదివారం చర్చిలో, నా దగ్గర పాడే ఆ క్రిస్టీయే నా చెయ్యి పట్టుకుని, "మీకోసం ప్రేయర్ చేస్తున్నాం ఆంటీ" అంటే అప్పుడు తెలిసింది నాకు. పన్నెండేళ్లు నేను నడిపిన పాటల బృందం!

కార్‌లో మీ బావని అడిగేశాను. "నలుగురిలో నువ్వు తడబడకూడదనే" అన్నారు.

"నా తల నాది. అందులో ఏం మిగిలిందో మొదట నాకు చెప్పాలి" అన్నాను.

జబ్బు ఖాయంగా తేల్చడానికి ఇంకా పెట్ స్కాన్ అని ఒకటుందట. చేయించుకోను. నన్నిక ఎవరూ కొలవక్కర్లేదు.

నీ అక్క,
ప్రిస్సిల్లా

ఇర్వింగ్,
ఏప్రిల్ 20

నవోమీ, నా తల్లీ,

"నీ కోపం స్కాన్ మీదా, మనుషుల మీదా?" అని రాశావు చూడు, ఆ ఒక్క మాటకి నిన్ను మూడు రోజులు తిట్టుకున్నాను. నాలుగో రోజు నేనే ఫోన్ చేసి పెట్ స్కాన్ బుక్ చేసుకున్నాను.

రిజల్ట్ చెప్పేటప్పుడు డాక్టర్ మళ్లీ మీ బావ వైపే తిరిగాడు. "డాక్టర్, ఆ మెదడు ఇక్కడుంది" అని నా కుర్చీ ఆయన ఎదురుగా లాక్కున్నాను. సిగ్గుపడి స్క్రీన్ నా వైపు తిప్పాడు. అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకున్న చోట్లు ఎర్రగా ఉన్నాయి. మొదటి అంకె ఒక్కటే చూసి అల్జీమర్స్ అనకూడదట, రెండూ కలిపి చూస్తే ఇప్పుడు తేలిందట. అవును, అల్జీమర్సే. మొదటి దశ.

ఆదివారం అందరి ముందూ నిలబడ్డాను. "నాకు అల్జీమర్స్. మా ఆయన నోట కాదు, నా నోట వినండి. చరణం మరిచిపోతే అందించండి. పక్కన మాత్రం పెట్టకండి" అన్నాను. క్రిస్టీ లేచొచ్చి పాటల ఫైల్ నా చేతిలో పెట్టింది.

పాటలో మూడో చరణం దగ్గర నిజంగానే ఆగిపోయాను. వెనక వరసలోంచి ఒక అపస్వరం అందుకుంది. మీ బావే! చర్చిలో ఏనాడూ గొంతు విప్పని మనిషి, కళ్లు మూసుకుని పాడుతున్నారు.

సాయంత్రం కార్ తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టాను. రోడ్డు మీద అందరి పిల్లలూ ఉంటారు కదా. కానీ ఎవరూ లాక్కోలేదమ్మాయ్. నేనే ఇచ్చాను.

నీ అక్క,
ప్రిస్సిల్లా